పక్కవారి పొగకు లెక్క కట్టిన వైద్యుడు

సిగరెట్ ఎన్నడూ ముట్టని ఇల్లాలికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎందుకు వస్తుంది? ఒకప్పుడు వైద్యుల దగ్గర దీనికి సూటి జవాబు లేదు. భర్త వదిలిన పొగ కూడా కారణం కావచ్చని అంకెలతో చూపినవారిలో ముందు వరసలో నిలిచారు జపాన్ వైద్యుడు తకేషి హిరయామా (1923-1995).

ఆయన టోక్యోలోని జాతీయ క్యాన్సర్ కేంద్రం పరిశోధన సంస్థలో ఎపిడమాలజీ విభాగాధిపతి. ఏ జబ్బు ఎవరికి వస్తోంది, ఎందుకు వస్తోంది అన్నది జనం మధ్య గాలించి తేల్చే శాఖ అది. ఆసియా దేశాల్లో నోటి క్యాన్సర్‌పై ఆయన చేసిన అధ్యయనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1966లో తన బులెటిన్‌లో ప్రచురించింది.

2,65,118 మందిని అడిగి...

హిరయామాకు పేరు తెచ్చిన పని 1965 చివర్లో మొదలైంది. జపాన్‌లో 29 ఆరోగ్య కేంద్రాల పరిధిలో 40 ఏళ్లు దాటిన 2,65,118 మంది అలవాట్లను నమోదు చేశారు. ఏం తింటారు, మద్యం తాగుతారా, సిగరెట్లు కాలుస్తారా, ఏ పని చేస్తారు... అన్నీ రాసుకున్నారు. తర్వాత ఏటా మరణాల నమోదుతో ఆ వివరాలను సరిపోల్చుతూ వచ్చారు.

ఆ రోజుల్లో జపాన్ మగవారిలో ఎక్కువమంది పొగ తాగేవారు. ఆడవారిలో ఆ అలవాటు తక్కువ. అందుకే పక్కవారి పొగ ఒక్కదాని ప్రభావాన్ని విడిగా చూడటానికి వీలు చిక్కింది. పొగ తాగని 91,540 మంది భార్యలను ఎంచుకుని, 1966 నుంచి 1979 వరకు 14 ఏళ్లపాటు గమనించారు. 1981 జనవరిలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఫలితాలు వచ్చాయి. పొగ తాగని భర్తలున్నవారితో పోలిస్తే, రోజుకు 20 లేదా అంతకు మించి సిగరెట్లు కాల్చేవారి భార్యల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు సుమారు రెట్టింపు. భర్త తాగే సిగరెట్లు పెరిగేకొద్దీ భార్యకు ముప్పూ పెరిగింది.

మరి ఇది పొగ వల్లే అని ఎలా అనుకోవాలి? భర్త మద్యం అలవాటుకు, భార్య క్యాన్సర్‌కు సంబంధం కనిపించలేదు. భర్త సిగరెట్ల వల్ల భార్యకు జీర్ణాశయ క్యాన్సర్ పెరగలేదు. ముప్పు పెరిగినట్టు స్పష్టంగా తేలింది పొగ చేరే ఊపిరితిత్తులకే. అదే నెలలో గ్రీసు నుంచి వచ్చిన మరో చిన్న అధ్యయనమూ ఇదే దిశను చూపింది.

లెక్క తప్పన్నారు

అప్పట్లో జపాన్‌లో సిగరెట్ల వ్యాపారం ప్రభుత్వ గుత్తాధిపత్యం. హిరయామా పనిచేసిందీ ప్రభుత్వ సంస్థలోనే. అసలు దాడి మాత్రం సముద్రం అవతలి నుంచి వచ్చింది. ఆయన గణాంకాల్లో తప్పు దొర్లిందని అమెరికా పొగాకు కంపెనీల సంఘం పత్రికల్లో ప్రచారం చేసింది. ఆయన జవాబిచ్చారు, లెక్క నిలబడింది. కంపెనీల సొంత నిపుణులే ఆ లెక్క సరైనదని అప్పట్లోనే గుర్తించినట్టు, ఏళ్ల తర్వాత బయటపడిన అంతర్గత పత్రాలు చెప్పాయి.

అయితే న్యాయమైన ప్రశ్న ఒకటి మిగిలింది. భర్త తాగిన సిగరెట్ల సంఖ్య, భార్య పీల్చిన పొగకు సరైన కొలతేనా? ఆయన సగం సిగరెట్లు ఆఫీసులోనే కాల్చి రావచ్చు. పొగ తాగనివారి భార్య బయట ఎక్కడో పొగ పీల్చవచ్చు. దీనికి తర్వాత ప్రయోగశాలలు తోడొచ్చాయి. ఒంట్లోకి చేరిన నికోటిన్ కొన్ని గంటల్లోనే తగ్గిపోతుంది. కానీ అది విడిపోయి ఏర్పడే కొటినిన్ ఒకట్రెండు రోజులు నిలుస్తుంది. రక్తం, లాలాజలం, మూత్రం... వేటిలోనైనా దీన్ని కొలవవచ్చు. అయితే ఇది ఈమధ్య పీల్చిన పొగనే చెబుతుంది. ఇరవై ఏళ్ల కాపురంలో పీల్చిన పొగ తెలియాలంటే మళ్లీ హిరయామాలా అడగాల్సిందే.

1986లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక పక్కవారి పొగతో క్యాన్సర్ వస్తుందని తేల్చింది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కూడా తర్వాత దాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. 1995లో హిరయామా కన్నుమూశారు.

మన ఇంట్లో సంగతి?

మన దేశంలో 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడంపై కట్టుదిట్టమైన నిషేధం అమల్లోకి వచ్చింది. ఇంటి గుమ్మం లోపలికి మాత్రం ఆ చట్టం రాదు. హిరయామా లెక్కించింది సరిగ్గా ఆ గుమ్మం లోపలి పొగనే. కిటికీ తెరిచినా, ఫ్యాన్ వేసినా పొగలోని విషాలు పూర్తిగా పోవు. తగ్గని దగ్గు, ఆయాసంతో డాక్టర్ దగ్గరికి వెళితే, పొగ తాగుతారా అన్న ప్రశ్నకు లేదని చెప్పి ఊరుకోకండి. ఇంట్లో ఎవరు తాగుతారో, రోజుకు ఎన్ని తాగుతారో, ఎన్నేళ్లుగా తాగుతున్నారో కూడా చెప్పండి. ఇంట్లో తాగేవారు మీరే అయితే ఆ లెక్క మీవారి ఆరోగ్యానిది కూడా.