ఇంటి పెత్తనాన్ని నిలదీసిన చలం

గోదావరిఖని: చలం పేరు వింటే విచ్చలవిడితనం నేర్పిన రచయిత అని ముఖం చిట్లించేవారు నేటికీ ఉన్నారు. ఆయన పుస్తకాలు ఆడపిల్లల కంట పడకుండా దాచిన ఇళ్లు ఒకప్పుడు ఎన్నో. కాని ఆయన అడిగింది చిన్న ప్రశ్న. తాళి కట్టినంత మాత్రాన భార్య శరీరం మీద భర్తకు సర్వహక్కులూ వస్తాయా?

గుడిపాటి వెంకటచలం 1894 మే 18న మద్రాసులో జన్మించారు. తాతగారు దత్తత తీసుకోవడంతో గుడిపాటి వారయ్యారు. తండ్రి చేతిలో తల్లి పడ్డ బాధలు పసితనంలోనే కళ్లారా చూశారు. ఆ ముద్ర చివరిదాకా చెరగలేదు.

మద్రాసులో చదువుకునే రోజుల్లో భార్య రంగనాయకమ్మను సైకిలు మీద ఎక్కించుకుని బడికి తీసుకువెళ్లేవారు. మామగారికి అది గిట్టలేదు. అయినా చలం మానలేదు. బ్రహ్మసమాజంలో చేరారు. ఉపాధ్యాయుడిగా, ఆపై పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా పనిచేశారు.

1927లో వచ్చిన ‘మైదానం’ నవల దుమారం లేపింది. అందులో రాజేశ్వరి ప్లీడరు భర్తను వదిలి అమీర్‌తో వెళ్లిపోతుంది. లేచిపోయిందన్న మాటే లోకం పట్టుకుంది. ఆమె గర్భవతి అయినప్పుడు అదే అమీర్ బిడ్డ వద్దంటాడు. భర్తను వదిలినా మగవాడి పెత్తనం ఆమెను వదల్లేదు. ఆ సంగతి చాలామంది గమనించలేదు.

చలం జీవితంలోనూ వంక లేకపోలేదు. ఇతర స్త్రీలతో తన సంబంధాలను ఆయన ఆత్మకథలో దాచలేదు. ఆ స్వేచ్ఛ రంగనాయకమ్మకు మిగిల్చింది మాత్రం దుఃఖమే. స్త్రీ మనసు గురించి అంత రాసిన మనిషి ఆమె చేతిలో ఉండవలసిన ఆస్తి గురించి, కూలి డబ్బు గురించి రాసింది తక్కువేనని తరువాతి స్త్రీవాదులు తప్పుపట్టారు.

1950లో ఆయన అరుణాచలం వెళ్లి రమణాశ్రమం దగ్గర స్థిరపడ్డారు. 1979 మే 4న అక్కడే కన్నుమూశారు.

బొగ్గుబాయిల ప్రాంతంలో ఈ రెండు మాటలూ కలిపి ఆలోచించాలి. 1952 గనుల చట్టం భూగర్భంలో పని స్త్రీలకు నిషేధించింది. 2019లోగాని సడలింపు రాలేదు. అదీ పగటిపూట, సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాలకే. కాబట్టి ఉద్యోగం, జీతం, క్వార్టరు ఎక్కువగా మగవాడి పేరునే ఉంటూ వచ్చాయి. తలదాచుకునే గూడు, తినే తిండి అతని చేతిలో ఉన్నప్పుడు పడకగదిలో ఆమె వద్దనగలదా?

చట్టమూ ఆమెకు పూర్తిగా తోడు రాలేదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ, కలిసి కాపురం చేస్తున్న, పద్దెనిమిదేళ్లు నిండిన భార్యపై భర్త బలాత్కారం అత్యాచారం కింద లెక్కకు రాదు. అయితే 2005 నాటి గృహహింస చట్టం లైంగిక హింసనూ హింసగానే గుర్తించింది. ఆ చట్టం కింద రక్షణ కోరుతూ మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. ఈ సంగతి ప్రతి ఇల్లాలికీ తెలియాలి. ప్రతి మగవాడికీ తెలియాలి.