గిడుగు వెంకట రామమూర్తి

గిడుగు వెంకట రామమూర్తి (ఆగష్టు 29, 1863 – జనవరి 22, 1940) తెలుగు వాడుక భాషోద్యమ నాయకుడు, సవర భాషా పండితుడు, ఉపాధ్యాయుడు. వ్యావహారిక భాషావాదిగా ఆయనను ఎరుగని తెలుగువారు అరుదు. మాటలోని ధ్వనిని చెవితో పట్టి, దానినే పిల్లల చదువుకు పునాదిగా చేసిన కృషి మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

జీవిత విశేషాలు

శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపాన గల పర్వతాలపేటలో జన్మించాడు. తండ్రి వీర్రాజు 1875లో మరణించాడు. విజయనగరం మహారాజావారి పాఠశాలలో గురజాడ అప్పారావు ఆయనకు సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా చేరి, పనిచేస్తూనే పట్టభద్రుడయ్యాడు.

సవర భాష

పర్లాకిమిడి చుట్టుపట్ల కొండలలో నివసించే సవరల భాష ముండా కుటుంబానికి చెందినది. తెలుగుతో దానికి చుట్టరికం లేదు. అప్పటికి లిపి గాని, వ్యాకరణం గాని లేని ఆ భాషను, రెండు భాషలూ తెలిసిన ఒక సవరను ఇంట ఉంచుకొని విని నేర్చుకున్నాడు. గొంతులో శ్వాసను ఒక్క క్షణం బిగబట్టి విడిచే ధ్వని సవరలో ఉన్నది. తెలుగు లిపిలో దానికి అక్షరమే లేదు. ఇటువంటి ధ్వనిని విడిచిపెట్టి వ్రాస్తే, ఆ మాట సవర బాలునికి తన ఇంటి మాటగా తోచదు.

సవరలో వాచకాలు వ్రాసి, స్వంత ధనంతో బడులు నడిపాడు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోగా నిరాకరించి, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమని కోరాడు. కొండలలో తిరిగినందువల్ల మలేరియా సోకింది. దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. ధ్వనులను శోధించినవానికి చెవులే పోవడం కంటే పెద్ద నష్టం ఏముంటుంది? అయినా సవర వ్యాకరణం 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడ్డాయి. రెండింటికీ కుమారుడు సీతాపతి తోడ్పడ్డాడు.

శిశువుల ధ్వనిజ్ఞానం

పిల్లవాడు బడికి రాకముందే భాషను చెవితో నేర్చుకొని ఉంటాడన్నది ఆయన దృష్టి. తరువాతి పరిశోధనలు ఇది ఎంత తొందరగా జరుగునో చూపాయి. వర్కర్, టీస్ అనే శాస్త్రజ్ఞులు 1984లో ప్రచురించిన ప్రయోగాలలో, ఇంగ్లీషు కుటుంబాల శిశువులు ఆరు నుండి ఎనిమిది నెలల వయసులో హిందీలోని త, ట ధ్వనుల తేడాను పట్టగలిగారు; ఏడాది నిండేసరికి ఆ శక్తి చాలావరకు తగ్గింది. స్వింగ్లీ, ఆస్లిన్ 2000లో ప్రచురించిన అధ్యయనంలో, 18 నుండి 23 నెలల పిల్లలకు బేబీ అనే మాటను వేబీ అని పలికి వినిపించినప్పుడు, బొమ్మను గుర్తించడంలో తడబాటు కనిపించింది. తెలిసిన మాటలో ఒక్క ధ్వని మారినా పసివారు గమనిస్తారన్నమాట. వరంగల్లుకు ఈశాన్యాన ఏటూరునాగారం అడవులలో, ఇంట కోయ భాష విని పెరిగిన బిడ్డ ముందు తెలుగు వాచకం పెట్టే ఉపాధ్యాయుడు ఆలోచించదగిన విషయమిది.

వాడుక భాషోద్యమం

1907 ప్రాంతంలో పాఠశాలల తనిఖీ అధికారి యేట్స్ లేవనెత్తిన సందేహాలతో గిడుగు దృష్టి తెలుగు బోధన వైపు మళ్ళింది. జయంతి రామయ్య పంతులు ప్రభృతులతో జరిగిన వాదవివాదాలు ప్రసిద్ధమే. 1919లో ‘తెలుగు’ పత్రికను నడిపాడు.

చివరి రోజులు

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగా, ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరాడు. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదునిచ్చింది. ఆయన పుట్టినరోజు ఆగష్టు 29 తెలుగు భాషా దినోత్సవం. పలుకుబడుల భాషనే కోరిన వరంగల్లు కవి కాళోజీ పుట్టినరోజు సెప్టెంబరు 9 తెలంగాణ భాషా దినోత్సవం.