ఫ్రాంక్ రిచర్డ్స్

ఫ్రాంక్ రిచర్డ్స్ (ఆగష్టు 8, 1876 - డిసెంబరు 24, 1961) బాలల కొరకు పాఠశాల హాస్యకథలు వ్రాసిన సుప్రసిద్ధ ఆంగ్ల రచయిత. ఇతని అసలు పేరు చార్లెస్ హెరాల్డ్ సెయింట్ జాన్ హామిల్టన్. ఇతడు సృష్టించిన బిల్లీ బంటర్ పాత్ర ఇంగ్లండులో తిండిపోతు పిల్లవానికి మారుపేరుగా నిలిచిపోయింది. ఇతని రచనలన్నీ కలిపి సుమారు 10 కోట్ల పదాలు ఉంటాయని అంచనా.

బాల్యం

హామిల్టన్ లండను సమీపంలోని ఈలింగ్‌లో జన్మించాడు. ఎనిమిది మంది సంతానంలో ఇతడు ఆరవవాడు. తండ్రి వడ్రంగి. ఇతనికి ఏడేళ్ళ వయసులోనే తండ్రి మరణించాడు. సంపన్నుల పిల్లలు చదివే వసతి పాఠశాలల గురించి జీవితమంతా వ్రాసిన హామిల్టన్ అటువంటి పాఠశాలలో ఏనాడూ చదవలేదు. 1890లలోనే పత్రికలకు కథలు వ్రాయటం మొదలుపెట్టి, అదే వృత్తిగా స్వీకరించాడు.

రచనా వ్యాసంగం

1907లో ది జెమ్ అనే బాలల వారపత్రిక ప్రారంభమైంది. అందులో మార్టిన్ క్లిఫర్డ్ అనే పేరుతో సెయింట్ జిమ్స్ పాఠశాల కథలు వ్రాశాడు. 1908 ఫిబ్రవరిలో మొదలైన ది మాగ్నెట్ వారపత్రికకు ఫ్రాంక్ రిచర్డ్స్ పేరుతో గ్రేఫ్రయర్స్ పాఠశాల కథలు అందించాడు. రూక్‌వుడ్ పాఠశాల కథలకు ఓవెన్ కాంక్వెస్ట్ అనే పేరు, బిల్లీ బంటర్ చెల్లెలు బెస్సీ కథలకు హిల్డా రిచర్డ్స్ అనే పేరు వాడాడు. మాగ్నెట్ మొత్తం 1,683 సంచికలు వెలువడగా, వాటిలో అధికభాగం ఇతడు ఒక్కడే వ్రాశాడు. మిగిలినవాటిని అదే కలం పేరుతో ఇతర రచయితలు పూరించారు.

కథన పద్ధతి

హామిల్టన్ హాస్యం ప్రధానంగా పాత్రల స్వభావం నుండి పుడుతుంది. ప్రతి పాత్రకు మారని గుణాలు కొన్ని ఉంటాయి. ఏ చిక్కు వచ్చినా ఆ పాత్ర ఎలా ప్రవర్తిస్తుందో పాఠకుడు ముందే ఊహించగలడు. ఆ ఊహ నిజం కావటంలోనే నవ్వు ఉంది. బంటర్‌ను ఇతడు ముగ్గురు వ్యక్తుల లక్షణాలను కలిపి రూపొందించాడు. స్థూలకాయం ఒక సంపాదకునిది; కళ్ళద్దాలలోంచి చికిలించి చూసే అలవాటు ఒక బంధువుది; ఎన్నటికీ రాని చెక్కు కోసం ఎదురుచూస్తూ అప్పులు అడగటం మరొక బంధువుది. కథలలో ఆ చెక్కు పోస్టల్ ఆర్డరుగా మారింది. రేపో మాపో వస్తుందని చెప్పి బంటర్ తోటివారి వద్ద అప్పు చేస్తూనే ఉంటాడు.

బంటర్ అబద్ధాలు చెప్పే తీరు మరొక విశేషం. కేకు తాను తినలేదని వాదిస్తూనే, తిన్నవానికి తప్ప తెలియని దాని రుచి గురించి చెప్పి దొరికిపోతాడు. తలుపు చాటున పొంచి విన్న మాటలకు, బూటు లేసు కట్టుకోవటానికి వంగానని సమాధానం చెబుతాడు. తరగతి ఉపాధ్యాయుడు క్వెల్చ్ మాత్రం హాస్యపాత్ర కాదు. అతడు కఠినుడు, న్యాయవర్తనుడు. దొరికితే శిక్ష తప్పదన్న భయం ఉండటం వల్లనే పిల్లల ఎత్తుగడలు కథను నడిపిస్తాయి. మూడు దశాబ్దాలు గడచినా విద్యార్థులు అదే తరగతిలో, అదే వయసులో ఉండిపోయారు. అందువలన కొత్త తరం పాఠకులు ఏ సంచికతోనైనా చదవటం మొదలుపెట్టగలిగేవారు.

గ్రేఫ్రయర్స్ ప్రధాన మిత్రులు ఐదుగురిలో ఒకడు భారతీయుడు, భానీపూర్ నవాబు హరీ జంసెట్ రాం సింగ్. అతని ఆడంబరమైన, తలక్రిందులైన ఆంగ్లం నవ్వు పుట్టించటానికి ఉద్దేశించినదే. అయితే అతడు నేర్పరియైన క్రికెట్ బౌలరుగా, తెలివైనవాడుగా, మిగిలిన నలుగురితో సమానుడైన మిత్రుడుగా చిత్రించబడ్డాడు.

ఆర్వెల్ విమర్శ

1940 మార్చిలో రచయిత జార్జ్ ఆర్వెల్ హొరైజన్ పత్రికలో బాలల వారపత్రికలపై ఒక వ్యాసం ప్రచురించాడు. ఈ కథలలోని ప్రపంచం 1910 వద్దనే ఆగిపోయిందనీ, ధనిక వర్గాన్ని ఆరాధిస్తుందనీ, విదేశీయులను హాస్యానికి వాడుకుంటుందనీ విమర్శించాడు. ఇన్నేళ్ళ పాటు ఇన్ని కథలు ఒకే వ్యక్తి వ్రాసి ఉండడని కూడా భావించాడు. అదే సంవత్సరం మే నెలలో హామిల్టన్ అదే పత్రికలో సమాధానమిచ్చాడు. తాను ఒక్కడేనని తెలిపాడు. కష్టాలు ఎలాగూ ఎదురవుతాయి కనుక, పిల్లలకు ముందుగా సంతోషాన్ని, నిశ్చింతను ఇవ్వటమే మేలని వాదించాడు.

కష్టకాలం

ఆ సమాధానం వెలువడిన నెలలోనే, యుద్ధకాలపు కాగితం కొరత వల్ల మాగ్నెట్ మూతపడింది. చివరి సంచికలో మొదలైన కథా పరంపర అక్కడే ఆగిపోయింది. జెమ్ అంతకు ముందే, 1939 డిసెంబరులో నిలిచిపోయింది. అప్పటికి హామిల్టన్ వయసు 63 సంవత్సరాలు. ఒకప్పుడు బాగా సంపాదించినా, మాంటీ కార్లో వంటి చోట్ల జూదంలో చాలా పోగొట్టుకున్నాడు. పైగా గ్రేఫ్రయర్స్ కథలపై హక్కులు తమవేనని ప్రచురణ సంస్థ అమాల్గమేటెడ్ ప్రెస్ పట్టుబట్టింది. అందువలన తాను సృష్టించిన పాఠశాల గురించి తానే వ్రాయలేని పరిస్థితి ఏర్పడింది. వేరే పేర్లతో, వేరే పాఠశాలల కథలు వ్రాసి కాలం గడిపాడు.

యుద్ధానంతరం ఈ అడ్డంకి తొలగింది. 1947లో చార్లెస్ స్కిల్టన్ సంస్థ తొలి బంటర్ నవలను ప్రచురించింది. అప్పటికి రచయితకు 71 ఏళ్ళు. 1965 నాటికి మొత్తం 38 బంటర్ నవలలు వెలువడ్డాయి; వీటిలో కొన్ని ఇతని మరణానంతరం వచ్చినవి. 1952 నుండి 1961 వరకు బీబీసీ టెలివిజన్ ప్రసారం చేసిన ధారావాహికలో జెరాల్డ్ క్యాంపియన్ బంటర్‌గా నటించాడు.

వ్యక్తిగత జీవితం, మరణం

హామిల్టన్ అవివాహితుడు. కెంట్ ప్రాంతంలోని కింగ్స్‌గేట్‌లో నివసించాడు. లాటిన్ భాషపై మక్కువ ఎక్కువ. చివరి రోజులలో చూపు మందగించినా రచన మానలేదు. 1952లో ప్రచురించిన ఆత్మకథను ఫ్రాంక్ రిచర్డ్స్ పేరుతోనే, ప్రథమ పురుషలో వ్రాశాడు. అందులో బాల్యాన్ని వదిలివేసి, పదిహేడేళ్ళ వయసు నుండి కథ మొదలుపెట్టాడు.

1961 డిసెంబరు 24న, 85 ఏళ్ళ వయసులో స్వగృహంలో మరణించాడు. 1969 నుండి పాత మాగ్నెట్ సంచికలు యథాతథ ప్రతులుగా పునర్ముద్రణ పొందాయి. స్థూలకాయాన్ని, విదేశీయుల భాషను పరిహసించటంపై విమర్శలు ఉన్నప్పటికీ, ఆంగ్ల పాఠశాల హాస్యకథకు రూపునిచ్చినవారిలో ఇతడు ముఖ్యునిగా గుర్తింపబడ్డాడు.