ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్

ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ (మే 8, 1842 - ఆగష్టు 27, 1909) డెన్మార్క్ దేశానికి చెందిన శిలీంధ్ర శాస్త్రవేత్త, కిణ్వ ప్రక్రియా పరిశోధకుడు. ఒకే ఒక్క ఈస్టు కణం నుండి శుద్ధమైన ఈస్టును పెంచి, దానిని బీరు పరిశ్రమలో ప్రవేశపెట్టిన వ్యక్తిగా ఈయన ప్రసిద్ధుడు. నేడు ఇంట్లో మాల్ట్ సారంతో పేల్ ఏల్ తయారు చేసుకొనేవారు వాడే ఈస్టు పొట్లం వెనుక కూడా ఈయన పరిశోధనల ప్రభావం ఉంది.

బాల్యము, విద్యాభ్యాసము

హాన్సెన్ డెన్మార్క్ నైఋతి ప్రాంతంలోని రీబె పట్టణంలో పేద కుటుంబంలో జన్మించాడు. యౌవనంలో ఇళ్ళకు రంగులు వేసే పని నేర్చుకున్నాడు. నటుడు కావాలని ఆశపడ్డాడు గానీ అది నెరవేరలేదు. తరువాత ఉపాధ్యాయ వృత్తి చేస్తూ స్వయంకృషితో చదువుకొని, ముప్పయ్యేళ్ళకు దగ్గర పడుతున్న వయసులో కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. చదువుకు కావలసిన డబ్బు కోసం కథలు, నవలలు వ్రాశాడు. పేడపై పెరిగే శిలీంధ్రాలను గురించి వ్రాసిన వ్యాసానికి 1876లో విశ్వవిద్యాలయ స్వర్ణ పతకం పొందాడు. అదే సంవత్సరంలో ఆల్ఫ్రెడ్ యోర్గెన్సెన్‌తో కలిసి చార్లెస్ డార్విన్ బీగిల్ ఓడ యాత్రా గ్రంథాన్ని డేనిష్ భాషలోకి అనువదించాడు.

కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాల

బీరు వ్యాపారి జె.సి. యాకోబ్సెన్ 1875లో కోపెన్‌హాగన్‌లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలను స్థాపించాడు. హాన్సెన్ 1879లో అక్కడి శరీరధర్మ శాస్త్ర విభాగానికి అధిపతి అయ్యాడు. మరణించే వరకు, అంటే ముప్పై సంవత్సరాలు, ఆ పదవిలోనే కొనసాగాడు.

ఆ కాలంలో బీరు తయారీదారులు ఒక విడత అడుగున మిగిలిన ఈస్టును తీసి తరువాతి విడతకు వాడేవారు. మన ఇళ్ళలో నిన్నటి పెరుగునే నేటి పాలకు తోడు వేసినట్లే ఇది జరిగేది. కార్ల్స్‌బర్గ్ ఈస్టు కూడా 1845లో యాకోబ్సెన్ మ్యూనిక్ నగరం నుండి గుర్రపు బండిలో, దారి పొడవునా నీళ్ళు పోసి చల్లబరుస్తూ తెచ్చినదే. ఈ పద్ధతిలో ఒకసారి కలుషితమైతే ఆ దోషం ప్రతి విడతకూ సంక్రమిస్తుంది.

శుద్ధ ఈస్టు ఆవిష్కరణ

1883లో కార్ల్స్‌బర్గ్ బీరు చెడిపోయి చేదు రుచి, దుర్వాసన రాసాగాయి. బీరు చెడిపోవడానికి బాక్టీరియాయే కారణమన్న లూయీ పాశ్చర్ అభిప్రాయం అప్పట్లో ప్రబలంగా ఉండేది. హాన్సెన్ పరిశీలనలో మరొక సంగతి బయటపడింది. ఈస్టులో అనేక రకాలున్నాయని, మంచి ఈస్టులో అడవి జాతి ఈస్టులు కలవడం వల్ల కూడా బీరు పాడవుతుందని ఆయన గుర్తించాడు. సూక్ష్మదర్శిని క్రింద ఈ ఈస్టులన్నీ ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. అందువలన ఏ ఉష్ణోగ్రత వద్ద ఎంత కాలానికి సిద్ధబీజాలు ఏర్పడతాయన్న దానిని బట్టి ఆయన వాటిని వేరు చేశాడు.

ఈస్టు ద్రవాన్ని బాగా పలుచన చేసి, కణాలను లెక్కించి, ఒక్కొక్క పాత్రలోకి సగటున ఒక కణం కన్నా ఎక్కువ చేరకుండా పంచాడు. ఏ పాత్రలో ఒకే ఒక ఈస్టు మచ్చ కనిపించిందో అది ఒకే కణం సంతతి అని నిర్ధారించాడు. యాకోబ్సెన్ మొదట ఈ పద్ధతిని నమ్మలేదు. ప్రయోగాలు విజయవంతం కావడంతో అంగీకరించాడు. 1883 నవంబరు 12న శుద్ధ ఈస్టు కార్ల్స్‌బర్గ్ కర్మాగారంలో ఉపయోగంలోకి వచ్చింది. ఈ ఈస్టును రహస్యంగా దాచుకొని పోటీదారులపై పైచేయి సాధించే అవకాశం ఉన్నా, యాకోబ్సెన్ దానిని ఇతర తయారీదారులకు ఉచితంగా పంచాడు. తరువాత హాన్సెన్, కర్మాగార నిర్వాహకుడు క్యూలె కలిసి శుద్ధ ఈస్టును పెద్ద ఎత్తున పెంచే యంత్రాన్ని రూపొందించారు.

ఏల్, లాగర్ భేదము

హాన్సెన్ వేరు చేసినది చల్లని ఉష్ణోగ్రతలో పనిచేసి అడుగుకు చేరే లాగర్ ఈస్టు. ఆయన దానికి 1908లో శాకరోమైసిస్ కార్ల్స్‌బర్జెన్సిస్ అని పేరు పెట్టాడు. ప్రస్తుతం దీనిని శాకరోమైసిస్ పాస్టోరియానస్‌లో భాగంగా పరిగణిస్తారు. ఇది రెండు జాతుల సంకరం. వాటిలో ఒకటైన శాకరోమైసిస్ యుబయానస్‌ను పటగోనియా అడవులలో కనుగొన్నట్లు 2011లో ప్రకటించారు. రెండవదైన శాకరోమైసిస్ సెరివిసియే పేల్ ఏల్ తయారీకి వాడే ఈస్టు. ఇది వెచ్చని ఉష్ణోగ్రతలో పులిసి పైకి తేలుతుంది.

ఇంగ్లాండు ఏల్ తయారీదారులు శుద్ధ ఈస్టును అంత త్వరగా స్వీకరించలేదు. తమ ఏల్ నిల్వలో పొందే ప్రత్యేక రుచి ఒకే ఈస్టుతో రాదని వారి అభ్యంతరం. అది పూర్తిగా అపోహ కాదు. కార్ల్స్‌బర్గ్‌లోనే పనిచేసిన క్లాసెన్, ఆ రుచికి బ్రెటనోమైసిస్ అనే మరొక ఈస్టు కారణమని 1904లో వెల్లడించాడు.

ఇంటి తయారీలో ప్రాముఖ్యత

పేల్ ఏల్ కిట్‌లో సాధారణంగా ఒకటిన్నర కిలోలకు పైగా చిక్కని మాల్ట్ సారం, కొన్ని గ్రాముల ఎండు ఈస్టు ఉంటాయి. సారాన్ని వేడి నీటిలో కరిగించి, సుమారు 20 లీటర్లకు నీరు చేర్చి, దాదాపు 20 డిగ్రీల సెల్సియస్‌కు చల్లారిన తరువాత ఈస్టు చల్లుతారు. వేడిగా ఉన్నప్పుడు చల్లితే ఈస్టు చనిపోతుంది. పాత్రలు శుభ్రంగా లేకపోతే 1883 నాటి కార్ల్స్‌బర్గ్ సమస్యే ఇంట్లోనూ ఎదురవుతుంది. కిణ్వనం పూర్తికాకముందే సీసాలలో నింపితే లోపలి వాయువు ఒత్తిడికి అవి పగిలే ప్రమాదం కూడా ఉంది.

చివరి రోజులు

హాన్సెన్ 1909లో డెన్మార్క్‌లోని హార్న్‌బెక్‌లో మరణించాడు. కార్ల్స్‌బర్గ్ నేలమాళిగలో దొరికిన పాత సీసాలోని ఈస్టును పునరుజ్జీవింపజేసి, అక్కడి శాస్త్రవేత్తలు 2016లో 1883 నాటి పద్ధతిలో బీరు తయారుచేశారు.