వరదనీటిలో ఆకాశము

ఇంప్రెషనిస్టు చిత్రకారుడు ఆల్ఫ్రెడ్ సిస్లీ 1839లో పారిస్ నగరమున ఆంగ్లేయ తలిదండ్రులకు జన్మించెను. 1870లో ప్రష్యాతో వచ్చిన యుద్ధమువలన తండ్రి వ్యాపారము కూలిపోగా, చిత్రలేఖనమే ఆయనకు జీవనాధారమయ్యెను. 1876లో సెయిన్ నది పొంగి పోర్ట్ మార్లీ వీధులను ముంచినప్పుడు ఆయన ఆ దృశ్యమును పలుమార్లు చిత్రించెను. వాటిలో మిక్కిలి ప్రసిద్ధమైన దానిని మనము చూచినచో, ద్రాక్షారస వర్తకుని ఇల్లు నీటి నడుమ నిలిచియున్నది. ప్రక్కన పడవలున్నవి. పైనున్న మబ్బుల వెలుగే క్రింది వరదనీటిలోను ప్రకాశించుచున్నది. సిస్లీ 1899లో మోరే పట్టణమున పేదరికములోనే కన్నుమూసెను. మరుసటి యేడే, 1900లో, ఆ చిత్రము 43,000 ఫ్రాంకులకు అమ్ముడుపోయెను! నేడది పారిస్‌లోని ఓర్సే మ్యూజియములో నున్నది. మన మధ్యనున్న వారి విలువను వారు బ్రతికియుండగానే మనము గుర్తించుదుము గాక.