ఆరు గంటల ఖరీదు

నేను చదివేది బి.యస్సీ., పుట్టింది సేద్యగాళ్ల ఇంట. చరిత్ర జోలి నీకెందుకని మీరడగవచ్చు. చిన్నప్పుడు మా ఇంట్లో జరిగిన ఒక సంగతి వల్లనే ఈ మనిషి కథ నన్ను పట్టుకుంది.

చెరువు తూము దగ్గర నీళ్ల తగాదా అయింది. ఆ రాత్రి పోలీసులొచ్చి మా పెద్దనాయనను తీసుకుపోయారు. తగాదా జరిగిన పూట ఆయన ఊళ్లోనే లేడు. కాగితం చూపలేదు, కారణం చెప్పలేదు. తెల్లారాక ఇంటికి పొమ్మన్నారు. మనిషి తిరిగొచ్చాడు, అదే పదివేలని మా అవ్వ సరిపెట్టుకుంది. అలా సరిపెట్టుకోని వాడు జాన్ విల్క్స్.

విల్క్స్ 1725లో లండనులో ఒక మద్యం వ్యాపారి ఇంట పుట్టాడు. మెల్లకన్ను, అందవిహీనుడు. నోరు మాత్రం కత్తి. 1757లో పార్లమెంటు సభ్యుడయ్యాడు. 1762లో నార్త్ బ్రిటన్ అనే వారపత్రిక మొదలుపెట్టాడు. 1763 ఏప్రిల్ 23న వెలువడిన 45వ సంచికలో, ఫ్రాన్సుతో కుదిరిన సంధిని మెచ్చుకుంటూ రాజు చదివిన ప్రసంగాన్ని ఉతికి ఆరేశాడు. మంత్రి హాలిఫాక్స్ వెంటనే వారంటు జారీ చేశాడు. అందులో ఒక్కరి పేరూ లేదు! రాసినవాళ్లు, అచ్చువేసినవాళ్లు ఎవరైతే వాళ్లను పట్టుకోమని మాత్రం ఉంది. దాని ఆధారంగా సుమారు 49 మందిని పట్టుకుపోయారు. విల్క్స్ ఇంట్లో తాళాలు పగలగొట్టి కాగితాలన్నీ మూటగట్టారు. ఆయన్ను లండన్ టవర్‌లో పెట్టారు. పార్లమెంటు సభ్యుడు గనుక వారంలోపే జడ్జి ప్రాట్ విడిచిపెట్టాడు.

ఇక్కడితో ఊరుకుంటే ఆయన పేరు మనకు తెలిసేది కాదు. పట్టుబడినవాళ్లలో చాలామంది కోర్టుకెక్కారు. వాళ్లలో ఒక అచ్చాఫీసు కూలీ ఉన్నాడు. వారానికి గిన్నీ జీతం. ఆ సంచికతో అతనికి సంబంధమే లేదు. అతన్ని ఉంచింది ఆరు గంటలే, పైగా మాంసం, బీరు పెట్టి మర్యాదగానే చూశారు. అయినా జూరీ 300 పౌండ్లు ఇప్పించింది! అది మరీ ఎక్కువని సర్కారువాళ్లు మొత్తుకున్నారు. ఆ మనిషికి కలిగిన నష్టం మట్టుకే అయితే 20 పౌండ్లు చాలునేమో గాని, జూరీ చూసింది ప్రజల స్వేచ్ఛకు జరిగిన అన్యాయాన్నని ప్రాట్ తోసిపుచ్చాడు.

అదే ఏడు డిసెంబరులో, సోదా చేయించిన అధికారి వుడ్ మీద విల్క్స్ 1,000 పౌండ్లు గెలిచాడు. హాలిఫాక్స్ మాత్రం వాయిదాల మీద వాయిదాలు వేయించాడు. ఈలోగా విల్క్స్ పారిస్ పారిపోయాడు, తిరిగొచ్చి జైలుకు పోయాడు, గెలిచిన సీటునూ పోగొట్టుకున్నాడు. చివరికి 1769లో జైల్లో ఉండగానే మంత్రి మీద 4,000 పౌండ్ల తీర్పు వచ్చింది. పేరులేని వారంట్లకు కాలం చెల్లింది.

ఆయన్ను దేవుణ్ణి చేయనక్కర్లేదు. అప్పులపాలైన మనిషి, విలాస పురుషుడు. 1774లో లండన్ మేయరయ్యాడు. 1780 అల్లర్లలో తానే సిపాయిల్ని నడిపి జనం మీద కాల్పులు జరిపించాడు. 1797లో చనిపోయాడు. కాని, తప్పుగా పట్టుకున్నవాడు జవాబు చెప్పుకోవాలన్న మాట మిగిలింది. మన దేశంలోనూ, నిర్దోషిగా తేలాక 14 ఏళ్లు బీహారు జైల్లో మగ్గిన ఒక మనిషికి 1983లో సుప్రీంకోర్టు పరిహారం ఇప్పించింది.

మొన్న సెలవుల్లో ఈ కథంతా పెద్దనాయనకు చెప్పాను. అంతా విని ఒక్కటే అడిగాడు: ఆ కూలీకి వకీలు ఫీజు ఎవరిచ్చారురా అని. వాళ్ల వెనుక టెంపుల్ అనే ధనిక ప్రభువు ఉన్నాడని చెప్పాను. ఆయన తలపంకించి పశువులకు మేత వేయడానికి లేచాడు. పేదలకు ఉచిత న్యాయసహాయం అందాలని మన రాజ్యాంగంలో 1976లోనే చేర్చారు. ఆ సంగతి మా ఊళ్లో ఎంతమందికి తెలుసో ఈసారి వెళ్లినప్పుడు అడగాలి.