గోరంత పురుగు, కొండంత ఓపిక

హుక్స్ లా మనందరికీ తెలుసు. స్ప్రింగ్ మీద ఎంత బలం పడితే అంత సాగుతుందని ఇంటర్‌లో చదివాం. ఆ లా వెనక ఉన్న రాబర్ట్ హుక్ చీమనీ, పేనునీ, ఈగ కన్నునీ అతి దగ్గరగా చూసి బొమ్మలు గీసినవాడని మాత్రం చాలామందికి తెలీదు. మాక్రో ఫోటోగ్రాఫర్లు ఇప్పుడు ఫోకస్ స్టాకింగ్ అని పిలిచే పనిని, ఫోటో అనేది పుట్టడానికి 150 ఏళ్లకు పైగా ముందే అతను కంటితో, చేత్తో చేశాడు.

హుక్ 1635లో ఇంగ్లండ్ దక్షిణాన ఉన్న ఐల్ ఆఫ్ వైట్ అనే దీవిలో పుట్టాడు. తండ్రి అక్కడి చర్చిలో చిన్న ఉద్యోగి. పిల్లాడికి ఆరోగ్యం అంతంతమాత్రమే, తరచూ తలనొప్పి. కానీ చెయ్యి మాత్రం భలే చురుకు. ఎవరో ఇత్తడి గడియారం విప్పుతుంటే చూసి, అలాంటిదే చెక్కతో చేసి నడిపించాడట. 13 ఏళ్లకే తండ్రి పోయాడు. లండన్ వెళ్లి పీటర్ లెలీ అనే పెద్ద చిత్రకారుడి దగ్గర చేరాడు కానీ ఎక్కువ కాలం ఉండలేదు. రంగుల వాసన అతనికి పడలేదని చెబుతారు. బొమ్మలు గీసే అలవాటు మాత్రం వెంటే ఉండిపోయింది.

తర్వాత వెస్ట్‌మినిస్టర్ స్కూలు, ఆ పైన ఆక్స్‌ఫర్డ్. అక్కడ రాబర్ట్ బాయిల్‌కి అసిస్టెంట్‌గా చేరి గాలి పంపు తయారుచేసి ఇచ్చాడు. 1662లో, 27 ఏళ్ల వయసులో, రాయల్ సొసైటీలో ప్రయోగాల క్యురేటర్ అయ్యాడు. పని ఏంటంటే, మీటింగ్ జరిగినప్పుడల్లా సభ్యులకి ఏదో ఒక కొత్త ప్రయోగం చేసి చూపించాలి. మైక్రోస్కోప్ పరిశీలనలు కూడా అందులో భాగమే. అంతకు ముందు రాజు గారి కోసం క్రిస్టఫర్ రెన్ పురుగుల బొమ్మలు కొన్ని గీశాడు. ఆ పని ఇప్పుడు హుక్ చేతికి వచ్చింది.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. వస్తువుని ఎంత పెద్దది చేసి చూస్తే, ఒకేసారి స్పష్టంగా కనిపించే లోతు అంత తగ్గిపోతుంది. సాలీడు కళ్లు ఫోకస్‌లో ఉంటే కాళ్లు మసక, కాళ్లు ఫోకస్‌లోకి వస్తే కళ్లు మసక. ఇప్పటి ఫోటోగ్రాఫర్లు కెమెరాని వెంట్రుకవాసి చొప్పున ముందుకి జరుపుతూ పదుల కొద్దీ, ఒక్కోసారి వందల కొద్దీ ఫోటోలు తీస్తారు. సాఫ్ట్‌వేర్ ప్రతి ఫోటోలో షార్ప్‌గా ఉన్న భాగాన్ని ఏరి, అన్నిటినీ ఒకే బొమ్మగా కలుపుతుంది. కాంట్రాస్ట్ ఎక్కడ ఎక్కువుందో లెక్కేసి పిక్సెల్స్ ఎంచుకోవడమే దాని పని.

హుక్ దగ్గర ఉన్నది నూనె దీపం, దాని వెలుతురుని ఒకచోటికి చేర్చడానికి నీళ్లు నింపిన గాజు గోళం, ఒక మైక్రోస్కోప్. సాఫ్ట్‌వేర్ పని అతని బుర్రే చెయ్యాలి. ఒకసారి చూసి గీసేవాడు కాదు. అదే పురుగుని రకరకాల వెలుతురులో, రకరకాల కోణాల్లో తిప్పి తిప్పి చూసి, దాని అసలు ఆకారం ఏంటో నమ్మకం కుదిరాకే పెన్సిల్ పట్టేవాడు. ఎందుకంటే ఆ స్థాయిలో ఉబ్బెత్తుకీ పల్లానికీ, నీడకీ మచ్చకీ తేడా తెలీదని అతను గమనించాడు. ఈగ కన్ను ఒక వెలుతురులో చిల్లుల జల్లెడలా, ఎండలో బంగారు మేకులు కొట్టిన పలకలా, ఇంకో కోణంలో పిరమిడ్ల వరసలా కనిపించింది. అన్నీ కలిపి ఆలోచించి, అవి చిన్న చిన్న అర్ధగోళాలని తేల్చాడు. రెండు కళ్లలో కలిపి దాదాపు 14,000 ఉంటాయని లెక్క కూడా కట్టాడు.

పురుగు కదిలితే స్టాక్ మొత్తం పాడవుతుందని మాక్రో వాళ్లకి తెలుసు. అందుకే చలికి పురుగులు మొద్దుబారి ఉండే తెల్లవారుజామున తీస్తుంటారు. హుక్‌కి కూడా చీమతో అదే గొడవ. కాళ్లు మైనంతో అతికిస్తే ఒళ్లు మెలికలు తిప్పేది, చంపితే ఆకారం చెడిపోయేది. చివరికి బ్రాందీలో ముంచాడు. మత్తులో పడిపోయిన చీమని బయటికి తీసి సర్దిపెడితే గంటసేపు కదల్లేదు. తర్వాత ఒక్కసారిగా లేచి పరుగెత్తింది!

1665లో ఈ బొమ్మలన్నీ మైక్రోగ్రాఫియా అనే పుస్తకంగా వచ్చాయి. కుక్కల ఒంటి మీద గెంతే ఫ్లీ అనే చిన్న పురుగు, మడత విప్పితే 45 సెంటీమీటర్ల దాకా పరుచుకునే బొమ్మై కూర్చుంది. డైరీ రాసిన శామ్యూల్ పీప్స్ ఆ పుస్తకం కొని, అర్ధరాత్రి దాటి రెండింటి దాకా చదువుతూ ఉండిపోయాడు. బెరడు ముక్కలో కనిపించిన గదులకి హుక్ పెట్టిన సెల్ అనే పేరునే మనం ఇప్పటికీ వాడుతున్నాం.

ఫోకస్ స్టాకింగ్ చేసిన ఫోటో నిజమైన ఫోటో కాదని, అది మోసమని కొందరు అంటారు. కానీ ఈగ కన్నుని ఒక్కసారే చూసి గీసి ఉంటే హుక్ మనకి జల్లెడ చూపించేవాడు. ఒక్క చూపు కూడా అబద్ధం చెప్పగలదు. అలాగని పొరలన్నీ కలిపితే చాలు, నిజం వచ్చేస్తుందనీ కాదు. కాళ్లు ఒకదాని మీద ఒకటి పడినచోట సాఫ్ట్‌వేర్ కూడా తికమకపడి లేని అంచులు పుట్టిస్తుంది. ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో చూసే మనిషికి తెలియాలి. హుక్‌లో గొప్పతనం లెన్స్ కాదు, ఆ జాగ్రత్త.

మనుషులు మాత్రం అతన్ని అంత ఓపిగ్గా చూడలేదు. 1666లో లండన్ తగలబడ్డాక వీధి వీధీ తిరిగి స్థలాలు కొలిచిన సర్వేయర్లలో అతనొకడు. ఆ మంటల గుర్తుగా రెన్‌తో కలిసి 202 అడుగుల స్తంభానికి డిజైన్ చేశాడు. స్ప్రింగ్ సూత్రాన్ని 1678లో వివరంగా అచ్చువేశాడు. కానీ కాంతి గురించి, గురుత్వాకర్షణ గురించి న్యూటన్‌తో వచ్చిన గొడవలే ఎక్కువమందికి గుర్తుండిపోయాయి. చాలాకాలం పాటు చరిత్ర అతన్ని ఆ ఒక్క పొరలోనే ఫోకస్ చేసి చూసింది, మిగతా అంతా మసక.

హుక్ 1703 మార్చిలో చనిపోయాడు. అదే ఏడాది న్యూటన్ రాయల్ సొసైటీ ప్రెసిడెంట్ అయ్యాడు. హుక్ బొమ్మని న్యూటనే మాయం చేయించాడని ఒక కథ ఉంది కానీ దానికి రుజువు లేదు. ఇది ఖచ్చితంగా హుక్ ముఖమే అని అందరూ ఒప్పుకునే చిత్రపటం మాత్రం ఇవాళ ఒక్కటీ లేదు. అతను గీసిన ఫ్లీ కాళ్ల మీద ప్రతి ముల్లూ మనకి కనిపిస్తుంది.